విడిచిన చేప బతకాలి

వల వేసే జాలరికి చేప బతుకుతెరువు. సరదాకు గాలం పట్టేవాడికి ఆ అవసరం లేదు. ఎండలో ఊగే పడవ మీద రోజంతా నిలబడి, తనంత బరువున్న చేపతో పెనుగులాడి, దాన్ని దగ్గరకు లాక్కుని, కళ్ళారా చూసి, మళ్ళీ సముద్రంలోకే వదిలేస్తాడు. లోకంలో ఎందరో ఇష్టంగా ఆడే ఆట ఇది. వదిలిన చేప తోక ఒక్కసారి కొట్టి లోతుకు వెళ్ళిపోతుంది. బతికిపోయిందనుకుని మనం తృప్తిగా ఇంటిముఖం పడతాం.

అది నిజంగానే బతికిందా అని శాస్త్రజ్ఞులు పట్టుబట్టి వెతకడం మొదలై కొన్ని దశాబ్దాలే అయింది. చేప బతుకు వదిలే క్షణంలో తేలేది కాదని ఈ వెతుకులాటలో తెలిసింది. ఏ దారం కట్టాం, ఏ కొక్కెం తగిలించాం, ఎంత లోతులో ఆడాం, ఎన్ని సెకన్లు గాలిలో ఉంచాం అన్నవాటితోనే అది చాలావరకు నిర్ణయమైపోతుంది. ఇదంతా ఎలా జరుగుతుందో చూడటానికి అండమాన్‌లో ఒక రోజు చిన్న పడవ ఎక్కుదాం.

అండమాన్ మనకు పరాయి చోటు కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళిన జాలరి కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ లాంటి చోట్ల తరాలుగా స్థిరపడ్డాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఆ ఊరి రేవులో తెలుగు మాట వినిపించని పొద్దు ఉండదు. అక్కడ చిన్న పడవను డింగీ అంటారు. ఆటకు వెళ్ళేవాళ్ళు వాడేది ఫైబర్ పడవ, వెనక ఔట్‌బోర్డ్ మోటారు. వాళ్ళు కోరి వచ్చేది పార జాతుల్లోకెల్లా పెద్దదైన జెయింట్ ట్రెవల్లీ కోసం. గాలం పట్టేవాళ్ళ నోట అది జీటీ. 2006లో జపాన్‌లో ఒకరు గాలంతో పట్టిన జీటీ 72.8 కిలోలు తూగి ప్రపంచ రికార్డుగా నమోదైంది.

వేళ చెప్పేది చంద్రుడు

నైరుతి రుతుపవనాలు వెళ్ళిపోయాక సముద్రం మెల్లగా నెమ్మదిస్తుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా చిన్న పడవకు అనువైన కాలం. ఆ నెలల్లో కూడా ఏ రోజు వెళ్ళాలో చెప్పేది పంచాంగమే. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఇంచుమించు ఒకే గీత మీదికి వస్తాయి. సూర్యచంద్రుల ఆకర్షణా కలిసి సముద్రాన్ని లాగడంతో పోటు ఎత్తుగా, పాటు లోతుగా ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆ రోజుల్లో నీటిమట్టం సుమారు రెండు మీటర్లు లేచి దిగుతుంది. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఆ వ్యవధిలో దీవుల మధ్య సందుల్లోంచి నీళ్ళన్నీ అటు నుంచి ఇటు పారాలి. సందు ఇరుకైతే ప్రవాహం వడి పెరుగుతుంది.

చేపల వేట ఈ వడి మీదే ఆధారపడి ఉంటుంది. ప్రవాహంతో పాటు కంటికి కనిపించని ప్లవకాలు కొట్టుకువస్తాయి. వాటిని తినే చిన్న చేపలు పగడపు దిబ్బకు ఎగువన, ప్రవాహం వచ్చి తగిలే వైపు గుంపు కడతాయి. వాటి కోసం జీటీ ఆ అంచునే కాపు వేస్తుంది. నీరు నిలిచిపోయిన వేళ ఈ గొలుసంతా సడలుతుంది. తీరంలో పెరిగిన సరంగుకు ఇది పుస్తకం చెప్పక్కర్లేదు. "ఇప్పుడొద్దు బాబూ, నీరు నిలిచిపోనాది. పాటు మొదలవనీండి, అప్పుడెయ్యండి" అని మోటారు ఆపి కూర్చుంటాడు.

వెలుగుకూ ఇందులో పాత్ర ఉంది. పగటి చూపు నుంచి రాత్రి చూపుకు మారడానికి చేప కంటికి కొంత సమయం కావాలి. ఆ సంధి వేళ చిన్న చేపకు ఏదీ సరిగ్గా కనిపించదు. పెద్ద వేటచేప కళ్ళు మసక వెలుగులోనూ బాగా పనిచేస్తాయి. అమెరికన్ జీవశాస్త్రవేత్త ఎడ్మండ్ హాబ్సన్ పగడపు దిబ్బల దగ్గర సంధ్యావేళల్లో నీట మునిగి ఇదంతా గమనించాడు. పగటి చేపలు దాక్కున్నాక, రాత్రి చేపలు బయటికి రాకముందు పావుగంట, ఇరవై నిమిషాలు దిబ్బ మొత్తం ఖాళీ అవుతుందని రాశాడు. గాలం పట్టేవాళ్ళు తెల్లవారకముందే రేవు విడవడం ఇందుకే.

బుడగ పాడే పాట

దిబ్బకు ఎగువన మోటారు ఆపితే ప్రవాహమే పడవను అంచు పక్కగా నడిపిస్తుంది. విసిరే ఎర పేరు పాపర్. చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చేప ఆకారం, ముందు మూతి గుంటగా ఉంటుంది. దాన్ని వీలైనంత దూరం విసిరి, కర్రను పక్కకు బలంగా లాగుతారు. గుంటమూతి గాలిని పట్టి నీళ్ళలోకి ముంచుతుంది. "గ్లూప్" మని చప్పుడై, తెల్లటి నురగ గీత మిగులుతుంది. కాసేపు ఆపి మళ్ళీ లాగుతారు.

ఈ చప్పుడులో ఎక్కువ భాగం ఎర నుంచి కాదు, బుడగ నుంచి వస్తుంది. నీట చిక్కిన గాలి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి నలిగి, మళ్ళీ ఉబ్బి, మళ్ళీ నలిగి కంపిస్తుంది. పారే నీరు ఎందుకు గలగలమంటుందో ఆలోచించిన ఖగోళ శాస్త్రవేత్త మార్సెల్ మిన్నార్ట్ 1933లో దీనికి సూత్రం కట్టాడు. బుడగ పెద్దదైన కొద్దీ స్వరం మందమవుతుంది. రెండు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న బుడగ సెకనుకు సుమారు 330 సార్లు కంపిస్తుంది. చాలా సముద్ర చేపలు బాగా వినగలిగేది సెకనుకు వెయ్యి కంపనాల లోపు ధ్వనినే. పాపర్ చేసే చప్పుడు సరిగ్గా ఆ పరిధిలో పడుతుంది. పైగా నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగం. నీటిపైన ఏదో కొట్టుకుంటోందన్న కబురు దిబ్బ అడుగుకు క్షణంలో చేరుతుంది.

దూరాన చెవి, దగ్గరికొచ్చాక కన్ను, మరీ దగ్గరైతే పార్శ్వరేఖ. చేప ఒంటికి ఇరుపక్కలా తల నుంచి తోక దాకా సాగే ఈ రేఖలో సన్నటి కాలువలు, వాటిలో నీటి కదలికకు స్పందించే రోమకణాలు ఉంటాయి. ఒకటి రెండు శరీరాల దూరంలో నీరు ఎటు తొలిగిందో దీనితో తెలుస్తుంది. ఈ మూడు ఇంద్రియాలతో జీటీ సాధించే వేట చూసి నివ్వెరపోతాం. సీషెల్స్‌లోని ఫార్కర్ దీవి దగ్గర ఎగరడం నేర్చుకుంటున్న పక్షి పిల్లలను జీటీలు నీటిపైకి దూకి పట్టుకోవడం 2017లో బీబీసీ "బ్లూ ప్లానెట్ 2"లో ప్రపంచమంతా చూసింది.

పెనుగులాటలో కండరం

చేప పాపర్‌ని అందుకున్న మరుక్షణం రీలు గిర్రున తిరుగుతుంది. జీటీ దిబ్బవైపే పరుగు తీస్తుంది. పగడం అంచుకు తగిలితే దారం తెగుతుంది. ఇక్కడే చాలామంది కొత్తవాళ్ళు తలకిందులుగా ఆలోచిస్తారు. సన్నటి దారం, తేలికపాటి కర్రతో పెద్ద చేపను గెలవడమే అసలైన ఆట అనీ, బలమైన సరంజామా వాడటం చేపకు అన్యాయమనీ అనుకుంటారు. చేప ఒంట్లో జరిగేది తెలిస్తే ఆ అభిప్రాయం నిలవదు.

చేప ఒంట్లో ఎర్రకండ, తెల్లకండ అని రెండు రకాల కండరాలున్నాయి. నింపాదిగా ఈదడానికి ఎర్రకండ. అది ఆక్సిజన్‌తో పనిచేస్తుంది, త్వరగా అలసిపోదు. మెరుపు పరుగుకు తెల్లకండ. అది నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టి శక్తి తీస్తుంది. ఆ పనిలో లాక్టేట్ పోగుపడి, ఒంట్లో ఆమ్లత పెరుగుతుంది. నిల్వ కొన్ని నిమిషాల్లో అడుగంటుతుంది, మళ్ళీ నిండటానికి గంటలు పడుతుంది. పెనుగులాట ఎంత సాగితే ఈ అప్పు అంత పెరుగుతుంది. తీవ్రంగా అలసిన చేప కొంతసేపు మామూలుగా ఈది, గంటల తర్వాత చచ్చిపోవచ్చని 1950లలోనే కెనడా శాస్త్రవేత్త ఎడ్గార్ బ్లాక్ చూపించాడు. తోక కొట్టి వెళ్ళిపోయినంత మాత్రాన బతికినట్టు కాదన్నమాట.

అందుకే అనుభవం ఉన్నవాళ్ళు జీటీకి అల్లిన పాలిథిలీన్ దారం వాడతారు. అర మిల్లీమీటరు మందం కూడా లేని ఆ దారం 35 కిలోలకు పైగా లాగుడును తట్టుకుంటుంది. దారం జారిపోకుండా పట్టే రీలు బ్రేకును (డ్రాగ్) గట్టిగా బిగించి, నిలదొక్కుకుని, చేపను వీలైనంత త్వరగా పడవ దగ్గరికి తెస్తారు. బలమైన సరంజామా చేప మీద దయ. సన్న దారంతో గంటసేపు ఆడించి వదిలేవాడు చూపించేది నేర్పే కావచ్చు, చేపకు మాత్రం అది ప్రాణాంతకం.

లోతు తెచ్చే ముప్పు

ఎండెక్కాక నీటిపైన వేట మందగిస్తుంది. అప్పుడు చాలామంది జిగ్ అనే సీసపు ఎరను నలభై, యాభై మీటర్ల లోతుకు దించి, కుదుపుతూ పైకి లాగుతారు. తగిలేవి ఎక్కువగా గ్రూపర్లు, స్నాపర్లు. రోజు మొత్తంలో చేపలకు ఎక్కువ హాని జరిగేది ఇప్పుడే, అదీ తెలియకుండానే.

సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం తోడవుతుంది. యాభై మీటర్ల లోతున పీడనం ఉపరితలం మీద కన్నా ఆరు రెట్లు. గ్రూపర్ పొట్టలోని గాలితిత్తి ఆ పీడనానికి సరిపడా వాయువు నింపుకుని ఉంటుంది. ఈ చేపల్లో ఆ తిత్తికి నోటిలోకి దారి లేదు. వాయువు రక్తంలోంచే రావాలి, రక్తంలోకే పోవాలి. దానికి గంటలు పడుతుంది. మనం ఒక్క నిమిషంలో పైకి లాగేస్తాం. బాయిల్ సూత్రం ప్రకారం పీడనం ఆరో వంతుకు తగ్గితే వాయువు ఆరు రెట్లు వ్యాకోచించాలి. అంత చోటు పొట్టలో లేదు. తిత్తి చిరుగుతుంది, కళ్ళు ఉబ్బి బయటికి పొడుచుకొస్తాయి, జీర్ణాశయం తిరగబడి నోట్లోంచి ఎర్రటి బుడగలా బయటపడుతుంది. దాన్నే గాలితిత్తి అనుకుని సూదితో పొడిచేవాళ్ళున్నారు. ఆ పోటు పడేది చేప జీర్ణాశయానికి.

అలాంటి చేపను నీళ్ళలో వేస్తే మునగలేదు. వెల్లకిలా తేలుతూ ఎండకు మాడి, పక్షికో సొరకో చిక్కుతుంది. చేయవలసింది దాన్ని మళ్ళీ లోతుకు చేర్చడం. బరువు కట్టిన క్లిప్పుతో దవడ పట్టి దించే డిసెండర్ అనే సాధనం ఉంది. కిందికి దిగుతున్న కొద్దీ పీడనం వాయువును మళ్ళీ కుదిస్తుంది. అడుగు దగ్గర ఒక్క కుదుపు ఇస్తే క్లిప్పు వదులుతుంది, చేప తన కాళ్ళ మీద తాను నిలబడినట్టు ఈదుకుంటూ పోతుంది. అమెరికాలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఫెడరల్ జలాల్లో దిబ్బ చేపల కోసం వెళ్ళే పడవలో ఇలాంటి సాధనమో, వాయువు తీసే సూదిగొట్టమో సిద్ధంగా ఉంచడాన్ని 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఒక చట్టం తప్పనిసరి చేసింది.

అన్ని చేపలకూ ఈ బాధ లేదు. మన వంజరానికి గాలితిత్తే ఉండదు. ఎంత వేగంగా పైకి వచ్చినా దానికి ఈ గాయం కాదు. చేప జాతిని బట్టి లోతును ఎంచుకోవాలి. గ్రూపర్ల విషయంలో ఇంకో మాట కూడా ఉంది. చాలా గ్రూపర్ జాతుల్లో చేప మొదట ఆడదిగా ఎదిగి, పెద్దయ్యాక మగదిగా మారుతుంది. పెద్ద చేపలనే ఏరి చంపితే ఆ దిబ్బకు మగచేపలు కరువవుతాయి.

పడవ పక్కన ఒక్క నిమిషం

ఇక జీటీ పడవ పక్కకు వచ్చింది. అలసట దాని ఒంట్లో తీవ్రస్థాయిలో ఉన్నది ఇప్పుడే. ఆక్సిజన్ అవసరం కూడా ఇప్పుడే ఎక్కువ. వెచ్చటి ఉష్ణమండల సముద్రంలో లీటరు నీటికి ఆరు, ఆరున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. లీటరు గాలిలో ఉన్నదానిలో అది సుమారు నలభయ్యో వంతు. ఆ కొంచెం ఆక్సిజన్‌నే పిండుకోవడానికి మొప్పల్లో వేలాది పల్చటి రేకులు విచ్చుకుని ఉంటాయి. నీటి ఆసరా తీసేస్తే అవి తడిసిన పుస్తకం పేజీల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. చుట్టూ అంత గాలి ఉన్నా చేపకు ఊపిరి అందదు.

దీని తీవ్రతను 1992లో కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ రెయిన్‌బో ట్రౌట్ మీద కొలిచారు. చేపలను అలసిపోయేదాకా తరిమి, కొన్నింటిని నీళ్ళలోనే ఉంచారు, కొన్నింటిని గాలిలో పెట్టి మళ్ళీ నీళ్ళలో వేశారు. గాలి తగలని వాటిలో 88 శాతం బతికాయి. 30 సెకన్లు గాలిలో ఉన్నవాటిలో 62 శాతం, ఒక నిమిషం ఉన్నవాటిలో 28 శాతమే మిగిలాయి. ట్రౌట్ చల్లటి మంచినీటి చేప. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా జీటీకి అంటగట్టకూడదు. కానీ అలసట మీద గాలి తోడైతే ముప్పు ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ ప్రయోగం స్పష్టంగా చెప్పింది. ఫోటో కోసం "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ గడిపే నిమిషం విలువ అది.

తర్వాతి ముప్పు సొరచేప. బహామాస్‌లో బోన్‌ఫిష్ మీద ఆండీ డానిల్‌చుక్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒళ్ళు నిలుపుకోలేక పక్కకు ఒరిగిపోతుండగా వదిలిన చేపలు, నిటారుగా ఉన్నవాటి కన్నా ఆరు రెట్లు ఎక్కువగా వేటచేపల పాలయ్యాయి. అలసిన చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, నీరు నోట్లోంచి మొప్పల మీదుగా పారనిచ్చి, అది తనంతట తాను తోక ఆడించాకే వదలాలి. చుట్టూ సొరలు తిరుగుతుంటే ఆ చోట ఆట ఆపి మరో దిబ్బకు పోవాలి.

కొక్కెం సంగతి కూడా చిన్నది కాదు. పాపర్‌కు సాధారణంగా వచ్చే మూడు కొనల కొక్కేలు కంటికీ మొప్పలకూ గుచ్చుకుంటాయి. వాటి బదులు ఒంటి కొక్కెం తగిలించి, దాని ఎదురుముల్లును ప్లయర్‌తో నొక్కేస్తే తీయడం క్షణాల పని. పచ్చి ఎర వేసేవాళ్ళకు సర్కిల్ హుక్ మేలు. దాని కొన లోపలికి తిరిగి ఉండటం వల్ల గొంతులో దిగకుండా జారి దవడ మూలన పట్టుకుంటుంది. 2004లో స్టీవెన్ కుక్, కోరీ సస్కీ పదుల అధ్యయనాలను కలిపి చూసి, సర్కిల్ హుక్‌తో మరణాలు మొత్తమ్మీద తక్కువని తేల్చారు.

ఒక్క చేపే కదా అనుకోవద్దు

హవాయిలో చేసిన వయసు లెక్కల ప్రకారం జీటీ పాతికేళ్ళు బతుకుతుంది. గుడ్లు పెట్టే ఈడు రావడానికే మూడేళ్ళు దాటుతుంది. దక్షిణాఫ్రికా, మొజాంబిక్ తీరాల్లో ట్యాగు కట్టి వదిలిన జీటీలు గుడ్లు పెట్టే కాలంలో వందల కిలోమీటర్లు ఈది ఒకచోట గుమిగూడుతున్నట్టు తెలిసింది. ఒక దిబ్బ దగ్గర చచ్చిన పెద్ద చేప లోటు ఎక్కడో దూరాన గుంపులో కనిపిస్తుంది.

అండమాన్ దిబ్బలకు కష్టాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు పైగా పైకి లేచి, అక్కడి పగడాలు నీరు లేక ఎండిపోయాయి. 2010లో సముద్రం వేడెక్కి పగడాలు పెద్దఎత్తున తెల్లబారిపోయాయి. వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్, రిచీ ద్వీపసమూహంలోని రాణి ఝాన్సీ మెరైన్ నేషనల్ పార్క్ చేపలకు మిగిలిన ఆశ్రయాలు. అక్కడ గాలం వేయకూడదు. జరావా రిజర్వు తీరం, ఉత్తర సెంటినెల్ చుట్టూ ఉన్న జలాలు ఆదివాసులవి. అటువైపు పడవ తిప్పడమే నేరం.

అసలు ఆట కోసం చేపను బాధించవచ్చా అనే ప్రశ్నను తప్పించుకోలేం. ట్రౌట్ తలలో, మూతి దగ్గర గాయాన్ని గ్రహించే నాడులున్నాయని 2003లో లిన్ స్నెడన్ బృందం చూపించింది. సరైన కారణం లేకుండా వెన్నెముక ఉన్న జంతువును బాధించడం జర్మనీలో చట్టవిరుద్ధం. వదిలేయాలనే ఉద్దేశంతోనే పట్టడాన్ని అక్కడ తప్పుగానే చూస్తారు. నా మటుకు నాకు, సముద్రాన్ని ప్రేమించడం మనుషులకు నేర్పిన ఆటల్లో ఇదొకటి. కానీ వదిలిన చేప బతుకుతుందని ధీమా ఉన్నంతవరకే ఈ ఆటను సమర్థించుకోగలం.

ఆ ధీమా మన చేతుల్లోనే ఉంది. మీరు ఎప్పుడైనా అలా సముద్రం మీదికి వెళ్తే దారం బలమైనదే కట్టండి. ఒంటి కొక్కెం వాడి దాని ముల్లు నొక్కేయండి. వదిలిన చేప తనంతట తాను తిరిగి దిగగలిగే లోతుల్లోనే ఆడండి, లోతుకు వెళ్ళాలనుకుంటే డిసెండర్ లేకుండా వెళ్ళకండి. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడిచేతికి చేప ఒంటి జిగురు ఊడి వస్తుంది. కెమెరా ముందే సిద్ధం చేసుకోండి, చేపను నీళ్ళలోనే ఉంచి ఒక్క ఫోటో తీసుకోండి. ఇంటికి తీసుకెళ్ళాలనుకుంటే తినగలిగినంతే తీసుకుని వెంటనే చంపండి. మిగతా ప్రతి చేపా మళ్ళీ వేటాడేలా, మళ్ళీ గుడ్లు పెట్టేలా వదలండి. అలా వదలలేని రోజున గాలం వేయకపోవడమే మంచిది.